తెల్ల పెట్టె, ఎర్ర పెట్టె: హ్యాండ్‌హెల్డ్ కన్సోళ్లలో మధ్యలో వచ్చే కొత్త మోడళ్ల గోల

టాపిక్ మొదలెట్టే ముందు నా చేతిలో ఉన్నది ఒకసారి చూడండి. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా, ఇదొక ఖాళీ అట్టపెట్టె. నింటెండో స్విచ్ వచ్చిన పెట్టె. తెల్లది. కొన్నేళ్లుగా మా ఇంట్లో అటక మీద ఉంది. అమ్మ మూడుసార్లు పారేయబోతే మూడుసార్లూ నేనే ఆపాను. ఎందుకు ఆపానో చెప్తే ఇవాళ్టి విషయం సగం చెప్పినట్టే.

2019లో బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. మొదటి రెండు జీతాల్లో రూమ్ అద్దె, మెస్ బిల్లు పోగా మిగిలిన డబ్బులన్నీ కలిపి సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక షాపుకి వెళ్లాను. స్విచ్‌ని ఇండియాలో కంపెనీ అధికారికంగా అమ్మలేదు. బయటి నుంచి తెప్పించి అమ్మే షాపులే మనకి దిక్కు. రేటు 26,000. నేను అప్పటికే కొంచెం చదివి వెళ్లాను కాబట్టి అడిగాను కూడా, "కొత్త మోడల్ ఏదో వచ్చిందంట కదా?" అని. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "అది లైట్ అన్నా, టీవీకి కనెక్ట్ అవ్వదు. ఇది ఫుల్ మోడల్, ఫ్రెష్ పీస్, సీల్ కూడా తియ్యలేదు" అన్నాడు. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు చూడండి. స్విచ్ లైట్ నిజంగానే ఆ నెలలోనే వచ్చింది. అది నిజంగానే టీవీకి కనెక్ట్ అవ్వదు. నేను హ్యాపీగా డబ్బులిచ్చి వచ్చేశాను.

నెల తిరక్కుండా మా రూమ్మేట్‌కి వాళ్ల బావ డల్లాస్ నుంచి వస్తూ స్విచ్ తెచ్చాడు. వాడు నా పెట్టె చూసి, "ఏంటి మామా, నీది తెల్లగా ఉంది? నాది ఎర్రగా ఉందేంట్రా?" అన్నాడు. ఏదో దేశాన్ని బట్టి రంగు మారుతుందేమో అనుకున్నాం. దసరాకి ఇద్దరం ఏలూరు బస్సెక్కాం. ఇద్దరం ఒకటే గేమ్, జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. నాది సూర్యాపేట రాగానే ఎర్ర బ్యాటరీ గుర్తు చూపించి పడుకుంది. వాడిది ఇబ్రహీంపట్నం దాకా ఆడుతూనే ఉంది. నేను కిటికీలోంచి చీకట్లో పొలాలు చూస్తూ కూర్చున్నా.

తర్వాత వెతికితే తెలిసింది. 2019 ఆగస్టులో నింటెండో అదే స్విచ్‌ని, అదే రేటుకి, అదే పేరుతో లోపల చిప్ మార్చి వదిలింది. పాత చిప్ 20 నానోమీటర్ల పద్ధతిలో తయారైనది, కొత్తది 16. స్పీడ్ అదే, కరెంట్ మాత్రం తక్కువ తింటుంది. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం పాతది రెండున్నర నుంచి ఆరున్నర గంటలు, కొత్తది నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు. నేను ఆడుతున్న జెల్డాకే అయితే 3 గంటలకి బదులు ఐదున్నర గంటలు. అంటే సూర్యాపేటకి, ఇబ్రహీంపట్నానికి ఉన్న తేడా కరెక్ట్‌గా అదే. పేరు మారలేదు, కాబట్టి తెలియని కొనుగోలుదారుడికి కనిపించే తేడా ఒక్క పెట్టె రంగే. షాపాయన తన దగ్గర మిగిలిపోయిన తెల్ల పెట్టెల్ని నాలాంటివాళ్లకి వదిలించుకున్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, స్విచ్ 2 వచ్చిన దగ్గర్నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "బ్రో, ఇప్పుడు కొనాలా? స్విచ్ 2లో స్క్రీన్ ఎల్‌సీడీ కదా, రెండేళ్లాగితే ఓఎల్‌ఈడీ వస్తుందేమో, అప్పుడు కొంటే బెటరా?" ఆ ప్రశ్న వెనక ఆశ కన్నా భయం ఎక్కువుంది. కొన్న మర్నాడే మోసపోయినట్టు అవుతామేమో అన్న భయం. ఆ భయం ఊరికే రాలేదు. దీనికి పాతికేళ్ల పైన చరిత్ర ఉంది. అందులో కంపెనీల తప్పు ఎక్కడుంది, మన అత్యాశ ఎక్కడుంది, రెండూ చూద్దాం.

ముందు నా బ్యాటరీ బాధని పక్కన పెడతా. నిజంగా ఆలోచిస్తే నాకు జరిగిన నష్టం చిన్నది. వాడి స్విచ్‌లో ఆడే ప్రతి గేమూ నా స్విచ్‌లోనూ ఆడుతుంది. నేను ఎక్కువసార్లు ఛార్జింగ్ పెట్టుకోవాలి, అంతే. అసలైన కోపం రావాల్సిన చోటు వేరే ఉంది.

సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నా భాషలో చెప్తా. పీసీలో గేమ్ కొనేముందు మనం ఏం చూస్తాం? మినిమమ్ రిక్వైర్‌మెంట్స్ చూస్తాం. ఈ గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలి, ఇంత ర్యామ్ ఉండాలి అని. కన్సోల్ కొనేవాడు డబ్బులిచ్చేదే ఆ తలనొప్పి లేకుండా ఉండటానికి. క్యాసెట్ మీద కన్సోల్ పేరుంటే పెట్టడం, ఆడటం. డెవలపర్‌కి కూడా అదే సుఖం. కోట్ల మెషీన్లు, అన్నీ ఒకేలా ఉంటాయి, ఒక్కదాని మీద సరిగ్గా నడిస్తే అన్నిటి మీదా నడుస్తుంది. మరి మధ్యలో ఇంకో మోడల్ తెచ్చి, "ఈ గేమ్ దీనిమీదే నడుస్తుంది" అన్నారనుకోండి, మినిమమ్ రిక్వైర్‌మెంట్స్ గోల మళ్లీ దొడ్డిదారిన వచ్చేసినట్టే. అదీ మీరు డబ్బులు కట్టేసిన తర్వాత.

ఈ పని మొదట్లో ఎంత నిక్కచ్చిగా చేశారో చూడండి. గేమ్ బాయ్ 1989లో వచ్చింది. గేమ్ బాయ్ కలర్ 1998లో. మధ్యలో తొమ్మిదేళ్లు గడిచాయి కాబట్టి దీన్ని కొత్త తరం అంటారో, పాతదానికే రంగులేశారంటారో మీ ఇష్టం. ప్రాసెసర్ స్పీడ్ రెట్టింపు చేశారు. కానీ కార్ట్రిడ్జ్ చూడగానే తెలిసిపోయేది. బూడిద రంగుది పాత గేమ్. నల్లదైతే రెండింటి మీదా నడుస్తుంది. లోపల కనిపించేలా పారదర్శకంగా ఉంటే కలర్ మీదే. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ రెండింటి మీదా నడిచాయి, క్రిస్టల్ మాత్రం కలర్ మీదే. ఇక్కడ నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. పాత గేమ్ బాయ్‌లో పవర్ స్విచ్ ఆన్ చేస్తే లోపల చిన్న ప్లాస్టిక్ ముక్క జరిగి కార్ట్రిడ్జ్ మూలనున్న గాడిలో దూరేది. కలర్ మాత్రమే అనుకున్న కార్ట్రిడ్జ్‌లకి ఆ గాడి తీసేశారు. అంటే పాతదాంట్లో పెడితే స్విచ్ ముందుకే జరగదు. మనం కోడ్‌లో వెర్షన్ చెక్ రాస్తాం కదా, వాళ్లు దాన్ని ప్లాస్టిక్‌లో చేశారు. ఎర్రర్ మెసేజ్ అక్కర్లేదు, బొటనవేలికే తెలిసిపోతుంది.

ఆ నిక్కచ్చితనం తర్వాత తర్వాత పోయింది. ఇప్పుడు 3డీఎస్ కథకొద్దాం. ఈ టాపిక్ మొత్తంలో నాకు ముఖ్యమైంది ఇదే, కొంచెం ఓపిక పట్టండి.

నింటెండో 3డీఎస్ అమెరికాలో 2011 మార్చి 27న వచ్చింది. రేటు 249.99 డాలర్లు. కళ్లద్దాలు లేకుండా 3డీ అన్నారు. మొదట్లో గేమ్స్ లేవు, అమ్మకాలు లేవు. ఐదు నెలలు కూడా నిండకుండా, ఆగస్టులో రేటు 169.99కి దించేశారు. ఒక్కదెబ్బకి 80 డాలర్లు! మార్చిలో లైన్లో నిలబడి కొన్నవాడి పరిస్థితి ఊహించుకోండి. ఇక్కడ కంపెనీ చేసిన పని మాత్రం నేను ఒప్పుకుంటా. ముందుగా కొన్నవాళ్లని అంబాసిడర్లు అని పిలిచి 20 గేమ్స్ ఉచితంగా ఇచ్చింది. పది ఎన్‌ఈఎస్‌వి, పది గేమ్ బాయ్ అడ్వాన్స్‌వి. అప్పటి ప్రెసిడెంట్ సతోరు ఇవాతా తన జీతం సగానికి తగ్గించుకున్నారు. డబ్బులు వెనక్కి రాలేదు, కానీ "మీరు ముందు నమ్మారు, మాకు గుర్తుంది" అన్నట్టుగా ఉంది. కోపం చాలావరకు దిగింది.

ఆ తర్వాత 2012లో పెద్ద స్క్రీన్‌తో 3డీఎస్ ఎక్స్‌ఎల్. 2013లో 3డీ తీసేసి, మడతపెట్టడం కూడా తీసేసి, పలకలా ఉండే 2డీఎస్, 129.99 డాలర్లకి. వీటితో ఎవరికీ పెద్ద పేచీ లేదు. చిప్ ఒకటే. గేమ్స్ ఒకటే. స్క్రీన్ సైజూ జేబు సైజూ చూసుకుని కొనుక్కోవడమే.

2014 అక్టోబర్‌లో జపాన్‌లో, 2015 ఫిబ్రవరి 13న అమెరికా, యూరప్‌లలో ఇంకోటి వచ్చింది. దాని పేరు... "న్యూ నింటెండో 3డీఎస్". అంతే, పేరే అది. న్యూ. ఒక్క నిమిషం ఆలోచించండి. షాపుకెళ్లి అమ్మమ్మో తాతయ్యో, "మా మనవడికి కొత్త 3డీఎస్ కావాలి" అంటే షాపువాడు ఏదిస్తాడు? సీల్ తియ్యని పాతది కూడా కొత్తదే కదా! మన ప్రాజెక్ట్ ఫోల్డర్లో "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ న్యూ 2" అని పేర్లు పెడితే టీమ్ లీడ్ తిడతాడు. ఇక్కడ ప్రపంచమంతా అమ్మే వస్తువుకి అదే పేరు పెట్టారు.

లోపల ఏం మారింది? ప్రాసెసర్ 268 మెగాహెర్ట్జ్ నుంచి 804కి వెళ్లింది. కోర్లు రెండు నుంచి నాలుగు. ర్యామ్ 128 ఎంబీ నుంచి 256. కుడివైపు చిన్న బుడిపెలా సీ స్టిక్ పెట్టారు, భుజాల దగ్గర ఇంకో రెండు బటన్లు. మన ముఖాన్ని కెమెరాతో పట్టుకుని తల కదిలినా 3డీ చెదరకుండా చేశారు. ఇవన్నీ మంచివే, కాదనను. నిజానికి ఆ రెండో స్టిక్ మొదటి రోజే ఉండాల్సింది. అది లేదని పాత 3డీఎస్‌కి సర్కిల్ ప్యాడ్ ప్రో అని ఒక తొడుగు అమ్మారు. విడిగా బ్యాటరీ వేసుకోవాలి. అది తొడిగితే చేతిలో పట్టే మెషీన్ కాస్తా టిఫిన్ క్యారియర్‌లా తయారయ్యేది.

చిల్లర చికాకులు చాలా ఉన్నాయి. అమెరికాలో మొదట ఎక్స్‌ఎల్ మాత్రమే ఇచ్చారు, 199.99 డాలర్లు, పెట్టెలో ఛార్జర్ లేదు. "మీ దగ్గర పాత ఛార్జర్ ఉంటుంది కదా" అన్నట్టు. పాత మెషీన్ అమ్మి ఆ డబ్బులతో కొత్తది కొనేవాడు ఛార్జర్ కూడా ఇచ్చేసే ఉంటాడు కదండీ! మెమరీ కార్డ్ పాతదానికి మామూలు ఎస్‌డీ, కొత్తదానికి మైక్రో ఎస్‌డీ. అది మార్చాలంటే స్క్రూడ్రైవర్‌తో వెనక మూత విప్పాలి. ఆన్‌లైన్‌లో కొన్న గేమ్స్ మెషీన్‌కి కట్టేసి ఉంటాయి కాబట్టి, పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కన పెట్టుకుని ట్రాన్స్‌ఫర్ చేసుకోవాలి. ముందే పాతది అమ్మేసినవాడికి అక్కడే తంటా.

కానీ ఇవన్నీ చికాకులు. అసలు దెబ్బ గేమ్స్‌లో పడింది. జెనోబ్లేడ్ క్రానికల్స్ 3డీ అని 2015 ఏప్రిల్‌లో వచ్చింది. న్యూ 3డీఎస్ మీదే నడుస్తుంది. పాతదాంట్లో పెడితే నడవదు. పెట్టె మీద అదే 3డీఎస్ లోగో, ముందు చిన్నగా న్యూ. 2016లో సూపర్ నింటెండో పాత గేమ్స్‌ని డౌన్‌లోడ్‌కి పెట్టారు, అవీ న్యూ మోడల్‌కే. ఇంకో రకం గేమ్స్ ఉన్నాయి, అవి పాతదాంట్లో నడుస్తాయి కానీ ఏదో దయ తలచినట్టు నడుస్తాయి. హైరూల్ వారియర్స్ లెజెండ్స్‌లో 3డీ కొత్తదాంట్లోనే వస్తుంది. పాతదాంట్లో 3డీ లేదు, ఫ్రేములు కూడా తడబడతాయి. మెషీన్ పేరే 3డీఎస్! స్మాష్ బ్రదర్స్ ఆడి బయటికొస్తే పాత మెషీన్ మొత్తం రీస్టార్ట్ అవుతుంది.

ఇక్కడొక తమాషా చూడండి. ఇంత చేసి న్యూ 3డీఎస్‌కి మాత్రమే వచ్చిన గేమ్స్ ఎన్ని? దుకాణంలో కొనుక్కోగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారణం సింపుల్. అప్పటికే పాత 3డీఎస్‌లు కోట్లలో జనం చేతుల్లో ఉన్నాయి. గేమ్ తీసేవాడు ఆ కోట్లమందిని వదిలేసి, కొత్తది కొన్న కొద్దిమందికి ఎందుకు తీస్తాడు? చివరికి ఎవరు బాగుపడ్డారు? పాతది ఉన్నవాడికి కొన్ని గేమ్స్ అందలేదు. కొత్తది కొన్నవాడికి ఆ అదనపు పవర్‌ని నిజంగా వాడుకునే గేమ్స్ రాలేదు. ఒకడికి తలుపు మూశారు, ఇంకొకడికి తలుపు తీశారు గానీ లోపల గదిలో ఏమీ లేదు.

రెండేళ్లు తిరిగేసరికి 2017 మార్చి 3న స్విచ్ వచ్చేసింది. న్యూ 3డీఎస్ ఆశ పెట్టుకున్నవాళ్ల సంగతి అక్కడితో సరి.

సోనీ కూడా తక్కువేం తినలేదు. పీఎస్‌పీ 2000, 3000 మోడళ్లు పర్లేదు, సన్నబడ్డాయి, బాగున్నాయి. కానీ 2009లో పీఎస్‌పీ గో అని తెచ్చారు. 249.99 డాలర్లు. అప్పటికి మామూలు 3000 మోడల్ 169.99. ఎక్కువ డబ్బులు తీసుకుని డిస్క్ డ్రైవ్ తీసేశారు. ఇంట్లో ఇరవై డిస్కులున్న మనిషి వాటిని ఏం చేసుకోవాలి? వాటిని డిజిటల్‌కి మార్చే పథకం ఒకటి ఆలోచిస్తున్నాం అన్నారు, విడుదల దగ్గరపడ్డాక లేదన్నారు. అసలు అప్‌గ్రేడ్ ఎవరికోసం? పాతది ఉన్నవాళ్ల కోసం. వాళ్ల అల్మరాని పనికిరాకుండా చేసే అప్‌గ్రేడ్‌కి ఇంకెవరొస్తారు? నింటెండో డీఎస్‌ఐ కూడా గేమ్ బాయ్ అడ్వాన్స్ స్లాట్ తీసేసి కెమెరాలు పెట్టింది, కానీ అది కనీసం డీఎస్ గేమ్స్‌ని ముట్టుకోలేదు.

సరే, ఇప్పటిదాకా కంపెనీలని తిట్టాను. ఇప్పుడు మన వంతు.

2021లో అందరం "స్విచ్ ప్రో" వస్తుందని నమ్మాం. 4కే వస్తుంది, కొత్త చిప్ వస్తుంది అని వార్తలు, పుకార్లు. నేనూ వీడియో చేశాను, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా. జూలై 6న ప్రకటన వచ్చింది. స్విచ్ ఓఎల్‌ఈడీ మోడల్. 6.2 అంగుళాల బదులు 7 అంగుళాల ఓఎల్‌ఈడీ స్క్రీన్, 32 జీబీకి బదులు 64, వెనక మంచి స్టాండ్, డాక్‌లో లాన్ పోర్ట్. రేటు 349.99 డాలర్లు. చిప్ అదే. ఇంటర్నెట్ అంతా ఒకటే గొడవ. "ఇంతేనా? దీనికోసమా ఆగింది?" అని. నేనూ అందులో ఉన్నాను. ఆ వీడియోలో నా ముఖం చూస్తే ఎవరో ఆస్తి రాయించుకుని గెంటేసినట్టుంటుంది.

తర్వాత చల్లబడ్డాక తట్టింది. నేను ఈ పక్క న్యూ 3డీఎస్ కొత్త చిప్‌తో వచ్చి పాతవాళ్లని వదిలేసిందని తిడతాను. ఆ పక్క స్విచ్ ఓఎల్‌ఈడీ చిప్ మార్చలేదని తిడతాను. నాకేం కావాలి మరి? నిజం చెప్పాలంటే నాకు కావాల్సింది, కొత్తది నా దగ్గరుంటే గేమ్స్ దానికే రావాలి, పాతది నా దగ్గరుంటే అన్నిటికీ రావాలి. ఆ 2021 జూలైలో 4కే స్విచ్ ప్రో వచ్చి, అందులో మాత్రమే నడిచే జెల్డా ఒకటి వచ్చి ఉంటే, అటక మీదున్న ఈ తెల్ల పెట్టెని నేనే కిందకి దించి కెమెరా ముందు తగలబెట్టేవాణ్ణి. అది రాలేదు కాబట్టి 2023లో టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ నా తెల్ల పెట్టె స్విచ్‌లోనే మొదలుపెట్టాం మా ఇంట్లో.

2023 నవంబర్‌లో వాల్వ్ వాళ్లు స్టీమ్ డెక్ ఓఎల్‌ఈడీ తెచ్చినప్పుడు ఇదే పద్ధతి పాటించారు. స్క్రీన్ బాగుచేశారు, బ్యాటరీ 40 వాట్ అవర్ నుంచి 50కి పెంచారు, చిప్‌ని చిన్నది చేశారు, కానీ గేమ్స్ నడిచే తీరు మాత్రం పాతదానికి దాదాపు సమానంగానే ఉంచారు. 2022లో కొన్నవాడికి కడుపు మండుతుంది, కాదనను. కానీ వాడి మెషీన్ ఆడే గేమ్ ఏదీ వాడి నుంచి లాక్కోలేదు. కడుపు మంటకీ, నష్టానికీ తేడా ఉంది. నా సూర్యాపేట బాధ కడుపు మంట. జెనోబ్లేడ్ నడవని పాత 3డీఎస్ పిల్లాడిది నష్టం.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను దొంగనవుతా. మీకు తెలుసు కదా, వీడియోలు చేయకముందు నేను యాప్స్ రాసేవాణ్ణి. 2022లో మా కంపెనీలో ఒక బిల్లులు కట్టే యాప్ మీద పనిచేశాను. పాత ఆండ్రాయిడ్ వెర్షన్లకి సపోర్ట్ ఇవ్వాలంటే ప్రతి ఫీచర్‌కీ రెండు రకాలుగా కోడ్ రాయాలి, రెండుసార్లు టెస్టింగ్. ఒకరోజు గ్రాఫ్ తీసి చూశాను. పాత ఫోన్లు వాడేవాళ్లు చాలా చిన్న శాతం. "వదిలేద్దాం" అని మీటింగ్‌లో అన్నది నేనే. ఒక్క లైన్లో ఒక అంకె మార్చాను. మేనేజర్ మెచ్చుకున్నాడు. యాప్ సైజు తగ్గింది, క్రాష్‌లు తగ్గాయి.

రెండు వారాలకి ఆదివారం పొద్దున్నే ఏలూరు నుంచి నాన్న ఫోన్. "ఒరేయ్, కరెంటు బిల్లు కట్టే యాప్ ఓపెన్ అవ్వట్లేదురా. నీ ఫోన్ పాతది అంటోంది. నిన్నటిదాకా బానే ఉంది కదరా?" అన్నారు.

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆ గ్రాఫ్‌లో కింద సన్నగా కనిపించిన గీతలో మా నాన్న ఉన్నారు. ఆయన ఫోన్‌కి ఏమీ కాలేదు. ఆయన తప్పేమీ లేదు. నేను ఒక అంకె మార్చాను, ఆయన బయట నిలబడ్డారు. "నేనే చేశాను నాన్నా" అని చెప్పలేదు. ఆ నెల జీతంలో కొత్త ఫోన్ కొని పంపాను. ఆయన ఇప్పటికీ ఆ ఫోన్‌ని "మా వాడు ప్రేమగా కొనిచ్చాడు" అని అందరికీ చెప్తారు. నాకు తల ఎత్తబుద్ధి కాదు.

అందుకని ఇంజనీర్ల కష్టం నాకు తెలుసు. పాతదాన్ని మోస్తూ కొత్తది కట్టడం ఎంత నరకమో తెలుసు. చిప్‌లు కూడా పదేళ్లు ఒకేలా దొరకవు. తయారీ పద్ధతి మారుతుంది, పాత స్క్రీన్లు చేసేవాడు మానేస్తాడు, అలాంటప్పుడు మోడల్ మార్చక తప్పదు. దానికి నేను ఏమీ అనను. నా గొడవల్లా, మార్చినప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో చెప్పమని. "న్యూ" అని మభ్యపెట్టకుండా, పేరే మార్చకుండా మౌనంగా ఉండకుండా చెప్పమని. 1998లో కార్ట్రిడ్జ్ రంగుతో, ఒక ప్లాస్టిక్ గాడితో చెప్పగలిగారు కదా!

ఇంకోటి. ఇదివరకు ఒక నమ్మకం ఉండేది, ఆగితే రేటు తగ్గుతుందని. అది కూడా పోయింది. స్విచ్ 2 వచ్చింది 2025 జూన్ 5న, 449.99 డాలర్లకి. ఆ తర్వాత ఆగస్టులో అమెరికాలో పాత స్విచ్ రేట్లు పెంచారు. తగ్గించడం కాదు, పెంచారు! 2017లో 299.99కి వచ్చిన మెషీన్ ఎనిమిదేళ్ల తర్వాత 339.99. ఓఎల్‌ఈడీ 349.99 నుంచి 399.99. కాబట్టి "ఆగుదాం బ్రో, రేటు పడుతుంది" అనే సలహా నేను ఇక ఇవ్వను. 3డీఎస్ రోజుల్లో ఆగినవాడికి 80 డాలర్లు మిగిలాయి. ఈసారి ఆగినవాడు ఎక్కువ కట్టాడు.

మరి కొనాలా వద్దా? నేను చేసేది చెప్తా. మా తమ్ముడు పోయిన నెల ఫోన్ చేసి, "అన్నయ్యా, స్విచ్ 2 ఇప్పుడే కొననా, ఓఎల్‌ఈడీ వచ్చేదాకా ఆగనా?" అని అడిగాడు. వాడి దగ్గర ఉన్నది నా తెల్ల పెట్టె స్విచ్. ఎర్ర పెట్టె నా దగ్గరుంది. అదెలాగంటారా? మా రూమ్మేట్ 2021లో ఓఎల్‌ఈడీ కొని ఎర్రదాన్ని అమ్మకానికి పెడితే నేనే కొన్నాను. సూర్యాపేట పగ అలా తీర్చుకున్నా. సరే, తమ్ముడితో ఏమన్నానంటే, స్క్రీన్ సంగతి వదిలెయ్, నువ్వు ఈ ఏడాది ఆడాలనుకుంటున్న ఐదు గేమ్స్ రాసి పంపు అన్నాను. మారియో కార్ట్ వరల్డ్, సిల్క్‌సాంగ్, హేడిస్ 2, పోకెమాన్ లెజెండ్స్ జెడ్-ఏ, మెట్రాయిడ్ ప్రైమ్ 4 అని పంపాడు. మారియో కార్ట్ తప్ప మిగతా నాలుగూ పాత స్విచ్‌లోనే నడుస్తాయి. కొత్తదాంట్లో ఇంకా బాగుంటాయి, నిజమే. కానీ నడుస్తాయి. వాడు కాసేపు ఆలోచించి పవర్ బ్యాంక్ కొనుక్కున్నాడు. మీ లిస్టులో ఐదుకి నాలుగు కొత్తదాంట్లోనే ఉంటే మాత్రం ఓఎల్‌ఈడీ కోసం చూడకుండా కొనెయ్యండి.

సెకండ్ హ్యాండ్‌లో పాత స్విచ్ కొనేవాళ్లు ఒక్కటి చూసుకోండి. పెట్టె లేకపోయినా పర్లేదు, మెషీన్ కింద సీరియల్ నంబర్ ఉంటుంది. ఎక్స్‌ఏడబ్ల్యూ అని మొదలైతే తెల్ల పెట్టె రకం, ఎక్స్‌కేడబ్ల్యూ అయితే ఎక్కువసేపు బ్యాటరీ వచ్చే ఎర్ర పెట్టె రకం. షాపాయన "ఫ్రెష్ పీస్ అన్నా" అంటుంటే వినండి, వింటూనే తిప్పి కింద చూడండి.

ఈ పెట్టె మాత్రం మళ్లీ అటకెక్కిస్తున్నా. అమ్మకి చెప్పకండి. ఉంటాను మరి, నమస్తే.